గేజీ లేని గట్టు

ఇల్లెందు నుంచి ఒక పాఠకుడు ఉత్తరం వ్రాశారు. ఆయన ఫోను నాలుగు రోజులుగా "కొత్త అప్‌డేటు వచ్చింది, వేసుకుంటారా?" అని అడుగుతోందిట. దాని కింద సన్నని అక్షరాల్లో "భద్రతకు సంబంధించిన సవరణలు" అని కూడా ఉందిట. "ఫోను బాగానే పనిచేస్తోంది గదండీ. బాగున్నదాన్ని బాగుచేయడమేమిటి? నొక్కాలా, వద్దా?" అని ఆయన ప్రశ్న.

నొక్కండి. సమాధానం అంతే. కాని ఎందుకో చెప్పకుండా నొక్కమంటే నొక్కే రకం కాదు మా ఖమ్మం వైపు జనం. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్నగారి నాటి నుంచీ మాకు లెక్క అడగడం, అడిగించుకోవడం రెండూ అలవాటే. అందుకని ఈ వారం పేజీ మొత్తం ఆ ఉత్తరానికే ఇచ్చేస్తున్నాను.

2014 ఏప్రిల్ 8న శ్రీరామనవమి. భద్రాచలంలో మిథిలా స్టేడియం కిటకిటలాడే రోజు. దూరం నుంచి వచ్చినవాళ్ళు తలంబ్రాలు కొంగున కట్టుకుని బస్సుల కోసం నిలబడేవేళకి, ప్రపంచంలో కంప్యూటర్లు నడిపేవాళ్ళెవరికీ కంటిమీద కునుకు లేదు. ముందురోజే, అనగా ఏప్రిల్ 7న, ఒక కబురు బయటికి పొక్కింది. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో కన్నం ఉందని. దానికి "హార్ట్‌బ్లీడ్" అని పేరు పెట్టారు, రక్తం కారుతున్న గుండె బొమ్మ కూడా వేశారు. రోగానికి ముందు బొమ్మ గీసి తరవాత మందు వెతకడం ఈ కాలపు పద్ధతి కాబోలు అనుకున్నాను గాని, మందు కూడా ఆనాడే ఇచ్చారు. కాదంటే అన్యాయం.

లైబ్రరీ అనగానే వార్తాపత్రికలూ, బల్లలూ తలుచుకోకండి. పల్లెటూళ్ళలో పెళ్ళిళ్ళకి ఊరుమ్మడి సామాను ఉంటుంది చూశారూ, గుండిగలు, గంగాళాలు, పెద్ద గరిటెలు? ఎవరింట్లో పెళ్ళైనా అవే తెచ్చుకుంటారు గాని, పెళ్ళికో గుండిగ చొప్పున పోతపోయించరు. కంప్యూటర్లలో లైబ్రరీ అలాంటిది. ఒకరు చేసిపెట్టిన పనిముట్టును వేలమంది తమ తమ వంటల్లో వాడుకుంటారు. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ చేసే పని, మీ మాటను దారిలో ఎవరూ చదవకుండా రహస్య లిపిలోకి మార్చడం. బ్యాంకు సైటు తెరిస్తే పైన చిన్న తాళం బొమ్మ కనిపిస్తుందే, చాలాచోట్ల ఆ తాళం వెనక ఉండే గుండిగ ఇదే. గుండిగకి చిల్లి పడితే ఒక్క పెళ్ళితో పోదు గదా.

ఆ చిల్లి ఎలాంటిదో నాకు మా మేనకోడలు చెప్పింది. హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో పని. సెలవులకి వచ్చినప్పుడు వరండాలో కూర్చోబెట్టి అడిగాను. "మావయ్యా, నీకు తహసీలు కచేరీ తెలుసు గదా, అందులో పెట్టి చెబుతా విను" అంది.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేటప్పుడు మధ్యలో కాసేపు మాట ఆగితే, అవతలివాడు ఉన్నాడో పోయాడో తెలియాలి. అందుకని ఇవతలిది ఒక మాట పంపి, "దీన్ని తిరిగి చెప్పు" అంటుంది. దానికి గుండె చప్పుడు అని పేరు. పంపేటప్పుడు మాటతో పాటు అది ఎన్ని అక్షరాలో కూడా చెప్పాలి. "రామ. రెండక్షరాలు. తిరిగి చెప్పు." కచేరీ గుమాస్తా ఆ మాటని రిజిస్టరులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వ్రాసుకుని, అక్కడి నుంచి రెండక్షరాలు చదివి వినిపిస్తాడు. ఇంతవరకూ బాగానే ఉంది.

ఇప్పుడు ఒక గడుసువాడు వచ్చి, "రామ. 64 వేల అక్షరాలు. తిరిగి చెప్పు" అన్నాడనుకోండి. గుమాస్తాకి బుర్ర ఉంటే, "ఏమయ్యా, నువ్విచ్చింది రెండే గదా?" అనాలి. ఈ గుమాస్తా లెక్కపెట్టడు. "రామ" దగ్గర వేలుపెట్టి, అక్కడి నుంచి 64 వేల అక్షరాలు గడగడ చదివేస్తాడు. "రామ" అయిపోయాక రిజిస్టరులో ఆ పక్కన ఏముందో అదల్లా వినిపిస్తుంది. ఇందాక వచ్చిన పెద్దమనిషి బ్యాంకు సంకేతపదం, అంతకు ముందు వచ్చినావిడ వ్రాసుకున్న ఉత్తరం, ఒక్కొక్కప్పుడు కచేరీ బీరువా తాళపుచెవి గుర్తులు కూడా. గడుసువాడు వినేసి, మళ్ళీ "రామ, 64 వేలు" అంటాడు. ఎన్నిసార్లయినా అనొచ్చు. రాకపోకల చిట్టాలో ఇదంతా మామూలు పలకరింపు కిందే జమ. దొంగతనం జరిగినట్టు ఒక్క గీత కూడా మిగలదు.

"మరి దీన్నెలా బాగుచేశారే?" అన్నాను.

"చెప్పిన లెక్కా ఇచ్చిన మాటా సరిపోతేనే జవాబు చెప్పు, లేకపోతే ఊరుకో అని ఒక షరతు చేర్చారు. నాలుగు ముక్కలు, అంతే" అంది.

ఆ నాలుగు ముక్కలు లేకుండా ఆ పొడిగింపును వ్రాసింది జర్మనీలో డాక్టరేటు చేస్తూండిన ఒక విద్యార్థి. పేరు అందరికీ తెలిసిందే గాని ఇక్కడ వ్రాయడం అనవసరం. ఊరికే చేసిపెట్టిన సహాయానికి జన్మంతా మాటపడటం చూస్తే జాలేస్తుంది. 2011 డిసెంబరు 31 రాత్రి, లోకం కొత్త సంవత్సరం కోసం ఎదురు చూస్తూండగా, సరిచూసినాయన కంటికీ ఆ లోటు కనపడక అది లైబ్రరీలో చేరిపోయింది. 2012 మార్చిలో విడుదలైన ప్రతిలో లోకమంతా వెళ్ళింది. రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. చివరికి గూగుల్‌లో నీల్ మెహతా అనే ఆయనా, ఫిన్లాండులో కోడెనొమికాన్ అనే కంపెనీ వాళ్ళూ ఎవరికి వారే కనుక్కున్నారు. అప్పటికి దాని పాలబడిన సైట్లు సుమారు 5 లక్షలని నెట్‌క్రాఫ్ట్ లెక్క. కబురు పొక్కిన కొద్దిరోజుల్లోనే కెనడా ప్రభుత్వపు పన్నుల శాఖ నుంచి దాదాపు 900 మంది గుర్తింపు నంబర్లు ఇదే దారిన పోయాయి.

ఇంత చిన్న లెక్క కంప్యూటరు తనంతట తాను చూసుకోదా అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. ఇక్కడ మనం గోదావరి ఒడ్డుకి వెళ్ళాలి.

భద్రాచలంలో వానాకాలం వచ్చిందంటే మేము ముందు చదివేది పత్రిక కాదు, గేజీ. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన వరద చూసినవాళ్ళు ఇప్పటికీ గోడలమీద చెయ్యి ఎత్తి చూపిస్తారు. 2022 జూలైలో 71.3 వచ్చింది. కరకట్ట ఉంది, సరే. కాని కరకట్టకన్నా మా ప్రాణాలకి ధీమా ఆ గేజీ. గంటగంటకీ ఒకరు అంకె చూస్తున్నారు, మైకులో చెబుతున్నారు, లోతట్టు కాలనీల వాళ్ళు మూటాముల్లె సర్దుకుంటున్నారు.

1972 ప్రాంతాన అమెరికాలో బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ అనే మహానుభావుడు "సి" అనే భాష తయారుచేశాడు. కంప్యూటర్లకి పని చెప్పే భాష. ఇవాళ ప్రపంచంలో యంత్రాల అట్టడుగున పనిచేసే సరంజామాలో ఎక్కువభాగం అందులోనూ, దాని తమ్ముడి భాషలోనూ వ్రాసిందే. భలే వేగం. ఆ వేగం రావడానికి ఒక కారణం ఏమిటంటే, ఆ భాష గట్టు కడుతుంది గాని గేజీ పెట్టదు. వంద అక్షరాలకి చోటు కేటాయించమంటే కేటాయిస్తుంది. అందులో రెండువందలు పోస్తే వద్దనదు. నూట ఒకటో అక్షరం చదవమంటే, అక్కడ ఎవరి సొత్తు ఉన్నా చదివి ఇస్తుంది. చూసుకోవలసిన బాధ్యత వ్రాసేవాడిది. వ్రాసేవాడు మనిషి. ఒక్కొక్కప్పుడు డిసెంబరు 31 రాత్రి వ్రాస్తాడు.

హార్ట్‌బ్లీడ్‌లో జరిగింది గట్టు అవతల సొమ్ము చదవడం. దీనికన్నా పాతదీ మొరటుదీ ఇంకొకటి ఉంది, గట్టు పొర్లించడం. 1988 నవంబరు 2న అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక "పురుగు"ని వదిలాడు. సి భాషతో పాటు వచ్చే లైబ్రరీలో "గెట్స్" అని ఒక పనిముట్టు ఉండేది. అవతలివాడు ఇచ్చిన వాక్యాన్ని అందుకోవడమే దాని పని. ఎంత పొడుగైనా సరే అందుకుంటుంది, నాకు ఇంత చోటే ఉంది అనదు. ఆ పనిముట్టు వాడిన ఒకచోట 512 అక్షరాలకి జాగా ఉంటే, మోరిస్ పురుగు 536 పోసింది. పొర్లిన 24 అక్షరాలే కొంప ముంచాయి. ఎందుకంటే ఆ జాగా ఒడ్డునే, "ఈ పని అయ్యాక ఫలానా గదికి వెళ్ళు" అని గుమాస్తా తనకోసం పెట్టుకున్న చీటీ ఉంటుంది. పొర్లిన అక్షరాలు ఆ చీటీ మీద పడి దాన్ని చెరిపి దొంగ ఇంటి చిరునామా వ్రాశాయి. గుమాస్తా బుద్ధిమంతుడు, చీటీలో ఉన్నచోటికే వెళ్ళాడు. ఆనాటి ఇంటర్నెట్టులో సుమారు 6 వేల యంత్రాలు మూలపడ్డాయని అంచనా. అలాంటి "గెట్స్"ని సి భాష ప్రమాణగ్రంథం నుంచి తీసేసింది ఎప్పుడనుకున్నారు? 2011లో. ఇరవైమూడేళ్ళు! మన పట్టాదారు పాసుపుస్తకాల ఫైళ్ళే నయం అనిపించలేదూ?

ఇంతకీ అసలు చెప్పదలచిన సంగతికి ఇప్పుడు వచ్చాను.

2024 జూలై 18 రాత్రి మా అశ్వారావుపేట మండలంలో గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు గట్టు తెగింది. పామాయిల్ తోటలు దాటి అడవి అంచున ఉండే మధ్యరకం ప్రాజెక్టు అది. గట్టు తెలంగాణలో ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయి, పోలవరం కోసం కొన్ని మండలాలు అటు వెళ్ళాక, దాని ఆయకట్టులో ఎక్కువభాగం ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. తెగిన గట్టు ఇటు, కొట్టుకుపోయిన ఊళ్ళలో ఎక్కువ అటు వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో. పొలాల్లో ఇసుక మేటలు. గేట్ల సంగతి మీద ఎవరి వాదం వారిది. నేను విన్నవాటిలో ఒక్కటి చెబుతాను. అటువైపు రైతు ఒకాయన అన్నాడు, "మేము ఆంధ్రా అయిపోయామండీ, కాగితాల్లో. నీళ్ళకి ఆ కబురు ఎవరూ చెప్పలేదు."

రెండు రాష్ట్రాలూ వాడుకునే గట్టు మరమ్మతుకి ఎవరు ఎంత ఇవ్వాలి అన్నది ఏళ్ళ తరబడి నలిగిన ప్రశ్న. భద్రాచలం వాళ్ళకి ఇల్లాంటివి కొత్తకాదు. రామచంద్రస్వామి తెలంగాణలో, ఆయన మాన్యాలు పురుషోత్తపట్నంలో, అనగా ఆంధ్రలో.

ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ సంగతి చదువుతూంటే నాకు అచ్చంగా పెద్దవాగే కళ్ళముందు ఆడింది. హార్ట్‌బ్లీడ్ బయటపడేనాటికి, లోకంలోని వ్యాపారమంతా ఆనుకుని ఉన్న ఆ లైబ్రరీని పూర్తి వేళలు పెట్టి చూసుకునేవాడు ఒక్కడు. ఏడాదికి దానికి వచ్చే చందాలు 2 వేల డాలర్లు. ఆనాటి రేటున లక్షా ఇరవై వేల రూపాయలు. అశ్వారావుపేటలో చిన్న కిరాణా కొట్టు వాడు అంతకన్నా ఎక్కువ తిప్పుతాడు. వేలకోట్ల కంపెనీలు ఊరుమ్మడి గుండిగ తీసుకెళ్ళి వండుకున్నాయి, కళాయి పూయించడానికి మాత్రం ఎవరిదగ్గరా చిల్లర లేదు. కన్నం పడ్డాక సిగ్గుపడ్డారు. 2014 ఏప్రిల్ 24న లినక్స్ ఫౌండేషన్ ఒక నిధి ప్రకటిస్తే గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఐబీఎం, ఇంటెల్ వగైరా కంపెనీలు ఒక్కొక్కటి ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్ళు ఇస్తామన్నాయి. ముందే ఇచ్చివుంటే అని మనం అనుకోవచ్చు. గట్టు తెగకుండా ఉన్నంతకాలం గట్టుకి డబ్బడిగినవాడు పిచ్చివాడిలాగే కనపడతాడు.

పెద్దవాగు తెగిన మర్నాడు, జూలై 19 పొద్దున్న, శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకి చేత్తో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చారు. ఫోటోలు దేశమంతా తిరిగాయి. ఒకే ఇరవైనాలుగు గంటల్లో ఇక్కడ మట్టిగట్టూ, అక్కడ కంప్యూటరు గట్టూ తెగాయన్నమాట. ఇది దొంగల పని కూడా కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ దొంగలనుంచి కాపాడటానికి కంప్యూటర్ల అట్టడుగున ఒక కాపలాదారుని పెడుతుంది. ఆ కాపలాదారుకి కొత్త సూచనల పత్రం ఒకటి మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకి పంపింది. సూచనలో 21వ గడి చూడమని ఉంది. కాపలాదారు చేతికి ఇచ్చినవి 20 గళ్ళే. 21వ గడి కోసం చెయ్యి చాపితే అక్కడ ఉన్నది తనది కాని జాగా. అంతే, యంత్రం నీలిముఖం వేసి కూలబడింది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ చెయ్యి చాపుతుంది, మళ్ళీ కూలబడుతుంది. తప్పు తెలుసుకుని 78 నిమిషాల్లో పత్రం వెనక్కి తీసుకున్నారు గాని, ఈలోగా మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల యంత్రాలు పడ్డాయి. చాలావాటి దగ్గరికి మనిషి స్వయంగా వెళ్ళి ఆ పత్రాన్ని చేత్తో తుడిచేయవలసి వచ్చింది. ఇరవైకి ఇరవయ్యొకటి! బళ్ళో ఒకటో తరగతి పిల్లలకి వేళ్ళమీద చెప్పే లెక్క.

"మరి గేజీ ఉన్న భాష ఎవరూ కనిపెట్టలేదా?" అని మేనకోడల్ని నిలేశాను. ఉన్నాయిట, ఎప్పటినుంచో ఉన్నాయిట. కాని గేజీ చూస్తూ నడవడంవల్ల నిదానం, అట్టడుగు పనులకి పనికిరావన్నారు. కెనడాలో వాంకూవరు నగరంలో గ్రేడన్ హోర్ అనే ఆయన కాపురం 21వ అంతస్తులో. లిఫ్టు నడిపే ప్రోగ్రాము చెడి, ఆయన మెట్లెక్కవలసి వచ్చింది. (చూశారా, మళ్ళీ ఇరవయ్యొకటే!) ఎక్కుతూ ఎక్కుతూ విసుగెత్తి 2006లో "రస్ట్" అనే భాష మొదలుపెట్టాడు. 2015 మేలో దాని మొదటి పూర్తి విడుదల. దానిలోని తమాషా ఏమిటంటే, ఏ జాగా ఎవరిది, ఎంతసేపు వాడిది అన్న తనిఖీ చాలావరకు వ్రాసేటప్పుడే అయిపోతుంది. రిజిస్ట్రారు మల్లే, హక్కు తేలని దస్తావేజుని మొదట్లోనే తిప్పి కొడుతుంది. వ్రాసేవాళ్ళకి నిత్యం చీవాట్లేనట. "మొదటి నెల ఏడుపొచ్చింది మావయ్యా" అంది మా పిల్ల.

ఫలితం ఉందా అంటే ఉంది. తమ సరుకులో ఏటేటా సరిదిద్దే భద్రతా లోపాల్లో నూటికి 70 ఈ జాగా గొడవలేనని మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2019లో చెప్పారు. ఆ కంపెనీకి అప్పటికే పెద్ద మన సత్య నాదెళ్ల, హైదరాబాదు కుర్రాడు. గూగుల్ వాళ్ళు ఆండ్రాయిడ్ ఫోన్లలో కొత్తగా వ్రాసే భాగాలని రస్ట్ లాంటి భాషల్లో వ్రాయడం మొదలుపెట్టాక, ఇల్లాంటి లోపాల వంతు 2019లో నూటికి 76 ఉన్నది 2024కి 24కి దిగింది. పాతది తిరగవ్రాయలేదు, కొత్తదాన్నే జాగ్రత్తగా వ్రాశారు. పాతదాని సంగతి అంటారా, కోట్లకొద్దీ పంక్తులు ఉన్నాయి. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ నేటికీ సి భాషలోనే ఉంది. కరకట్ట మొత్తం పెరికి మళ్ళీ కట్టడం వానాకాలంలో అయ్యే పని కాదు గదా. ఎక్కడ ఊట కనపడితే అక్కడ ఇసుక బస్తా వేస్తారు.

ఇల్లెందు పాఠకుడి ఫోను అడుగుతున్నది ఆ ఇసుక బస్తా గురించే. బస్తా వేయడానికి మీ అనుమతి కావాలి, ఎందుకంటే గట్టు మీ ఇంట్లో ఉంది. పైగా ఇందులో ఒక చిక్కు. ఫలానాచోట ఊట ఉందని సవరణ ప్రకటించగానే ఆ సంగతి మీతో పాటు దొంగలకీ తెలుస్తుంది. అంతవరకూ ఎవరికీ తెలియని కన్నం ఆరోజు నుంచి దండోరా వేసిన కన్నం. హార్ట్‌బ్లీడ్‌కి మందు 2014 ఏప్రిల్‌లోనే ఊరికే పంచారని చెప్పాను గదా. 2017 జనవరిలో ఒక సంస్థ లెక్కపెడితే ఇంకా సుమారు 2 లక్షల యంత్రాలు ఆ మందు తాగకుండా అలాగే కూర్చుని ఉన్నాయి, "రామ, 64 వేలు" అంటే చదివి వినిపించడానికి సిద్ధంగా.

ఒక్క జాగ్రత్త. అప్‌డేటు అడిగేది ఫోను సెట్టింగుల్లోనుంచే. ఎవరో ఎస్సెమ్మెస్‌లోనో వాట్సాప్‌లోనో లింకు పంపి "మీ ఫోను వెంటనే సరిచేసుకోండి" అంటే అది బస్తా కాదు, గడ్డపార. దాన్ని ముట్టుకోవద్దు. రాత్రి పడుకునేముందు ఛార్జింగు పెట్టి, వైఫై ఉంటే దానిమీద నొక్కితే తెల్లారేసరికి పని అయిపోతుంది. పాతబడి కంపెనీవాళ్ళు సవరణలు పంపడం మానేసిన ఫోనైతే దాంట్లో బ్యాంకు లావాదేవీలు పెట్టుకోకండి. పాటలకీ, మనవలతో మాటలకీ వాడుకోండి.

ఇల్లెందు వారు ఉత్తరం చివర ఇంకొక ప్రశ్న కూడా అడిగారు, సంకేతపదాలు డైరీలో వ్రాసి పెట్టుకోవచ్చునా అని. దానికి వచ్చేవారం.